నోటిలెక్క

జూలై 7, సోమవారం

పొద్దున్నే మెయిల్. అవతలి సెంటర్‌లో రూటింగ్ డెస్క్‌కి కొత్త మనిషిని వేశారట. ఆరు నెలలు ప్రొబేషన్. పేరు రెండుసార్లు చదివాను. మూడోసారి చదివే ధైర్యం లేక మెయిల్ మూసేశాను.

మా వదిన.

మేం మాట్లాడుకుని పద్నాలుగు నెలలైంది. రెండు సెంటర్ల మధ్య లింక్ బాగున్నంత కాలం ఇంకో పద్నాలుగు నెలలు మాట్లాడుకోకపోయినా ఫరవాలేదు. లింక్ పోతేనే చిక్కు.

ఆఫీసు పని గురించి ఈ డైరీలో ఎప్పుడూ రాయలేదు. ఇవాళ రాస్తే మనసు కుదుటపడుతుందేమో. మాది ఆక్సిజన్ మెషిన్ల కంపెనీ. ఊపిరి అందనివాళ్లు ఇంట్లో మంచం పక్కన పెట్టుకునే మెషిన్లు. అది కూత పెడితే మాకు ఫోన్ చేస్తారు. ఫోన్లు తీసుకునే సెంటర్లు రెండు. ఒకటి మాది, ఇంకోటి రెండు గంటల దూరంలో. ఏ కాల్ ఎవరి హెడ్‌సెట్‌కి వెళ్లాలో చెప్పే సాఫ్ట్‌వేర్‌ని మేమంతా పెద్దాయన అంటాం. ఇక్కడో పెద్దాయన, అక్కడో పెద్దాయన. ఇద్దరూ లింక్ మీద ఐదు సెకన్లకోసారి పలకరించుకుంటారు. ఉన్నావా? ఉన్నాను. వరసగా మూడుసార్లు జవాబు రాకపోతే, అవతలాయన పోయాడనుకుని ఎవరి దుకాణం వాళ్లు నడుపుకుంటారు. నిజానికి ఎవరూ పోరు. మధ్యలో తీగ తెగుతుంది, అంతే.

అప్పుడు మనుషులు దిగాలి. ఈ డెస్క్ మనిషి, అంటే నేను, ఆ డెస్క్ మనిషికి మామూలు ఫోన్ చేసి, పది నిమిషాలకోసారి లెక్క చెప్పాలి. లైన్లో ఎందరు ఉన్నారు, సీట్లలో ఎందరు ఉన్నారు. ఒకచోట తట్టుకోలేనంత రద్దీ అయితే, పంపనా అని అడగాలి. పంపు అంటేనే గేటు తెరవాలి. గేటంటే స్క్రీన్ మీద ఒక బటన్. అది నొక్కితే ఇక్కడ మిగిలిపోయిన కాల్స్ మామూలు ఫోన్ లైన్ల మీద అక్కడికి పోతాయి. అడక్కుండా మాత్రం తెరవకూడదు. మాన్యువల్‌లో ఈ తతంగానికి మూరెడు పేరుంది, ఎవరికీ గుర్తుండదు. మేం నోటిలెక్క అంటాం.

లింక్ పోకూడదని మొక్కుకోవడం ఒక్కటే తక్కువ.

జూలై 8, మంగళవారం

నిన్న రాసింది చదివితే నవ్వొచ్చింది. తీగల గురించి పేజీడు రాశాను. అసలు సంగతి దగ్గరికి వచ్చేసరికి పెన్ను మూసేశాను.

అన్న పోయి నాలుగేళ్లు. ముప్పై ఎనిమిదేళ్ల మనిషి. ఇదే కంపెనీలో టెక్నీషియన్. ఎవరింటికో మూడో అంతస్తుకి మెషిన్ మోసుకెళ్లి, బిగించి, ఆన్ చేసి, పని చేస్తోందని చూసుకుని, మెట్లు దిగుతూ మధ్యలో కూర్చుండిపోయాడు. మళ్లీ లేవలేదు. గుండె.

వదినని చెయ్యి పట్టుకుని ఈ ఆఫీసుకి తీసుకొచ్చింది నేను. హెడ్‌సెట్ పెట్టుకోవడం నేర్పింది నేను. రెండేళ్లకు పైగా పక్కపక్క సీట్లు. ఆడబిడ్డ అర్ధమొగుడని సామెత. మా ఇంట్లో ముప్పావు మొగుడు తిరుగుతోందని, అన్న ఉన్నరోజుల్లో ఏడిపించేవాడు. ఇంకో పెళ్లి చేసుకోమని వదినతో మొదట అన్నదీ నేనే. చిన్నదానివి, పిల్ల ఉంది, ఎన్నాళ్లిలా అని పెద్దరికం ఒలకబోశాను. నోటితో అనడం వేరు. ఒకరోజు ఆవిడ ఫోన్ చేసి, ఆ కళ్లజోళ్ల షాపాయన అడిగాడే, ఒప్పుకుందామనుకుంటున్నాను, నువ్వేమంటావ్ అంది.

మంచిది అన్నాను. ఫోన్ పెట్టేశాను.

పెళ్లికి వెళ్లలేదు. జ్వరమని చెప్పించాను. అబద్ధమని ఆవిడకి తెలుసు. నాకు నిజంగా జ్వరమొస్తే ఇంటిల్లిపాదినీ కూర్చోబెట్టి మూలుగుతాను. తర్వాత ఆవిడ అవతలి సెంటర్‌కి బదిలీ చేయించుకుంది. ఒక ఫోన్ లేదు, ఒక మెసేజ్ లేదు. ఆవిడ చేయలేదని నేను, నేను చేయలేదని ఆవిడ.

అన్న కూర్చునే చోట ఇంకో మనిషి కూర్చుంటే చూడలేననిపించింది. ఇప్పటికీ అనిపిస్తోంది. అందులో న్యాయం లేదని నాకు తెలుసు. తెలిస్తే మాత్రం?

వాళ్ల పాపకి తొమ్మిదేళ్లు. పిచ్చుక అంటాం. ఈ భూమ్మీద నన్ను అత్తా అని పిలిచే ప్రాణి అదొక్కటే. ఎంత పొడుగైందో.

జూలై 9, బుధవారం. మధ్యాహ్నం 3:22

లింక్ పోయింది.

అదే రోజు, సాయంత్రం

ఫోన్ తీశాను. నంబర్ నొక్కాను.

ఆవిడే ఎత్తింది. రూటింగ్ డెస్క్, చెప్పండి అంది. ఎవరు చేస్తున్నారో ఆవిడ ముందున్న డిస్‌ప్లేలో పడుతుంది. తెలిసే అంది, చెప్పండి అని. ఏంటే మరదలు పిల్లా అని తప్ప ఇన్నేళ్లలో నన్ను ఇంకోలా పిలవని మనిషి.

నేనేమైనా తక్కువ తిన్నానా? లైన్లో పన్నెండండి, సీట్లలో తొమ్మిదండి అన్నాను. మా దగ్గర ఏడండి, ఎనిమిదండి అంది. అండీ అంటే అండీ. వినేవాళ్లుంటే ఎంత మర్యాదస్తులో అనుకునేవాళ్లు.

అలా నాలుగుసార్లు లెక్క చెప్పుకున్నాం. నాలుగోసారి లెక్క అయ్యాక ఆవిడ వెంటనే పెట్టలేదు. ఇంకేమైనా ఉందా అండీ అని అడిగింది. లేదండీ అన్నాను.

4:02కి లింక్ వచ్చింది. నేను వాష్‌రూమ్‌కి వెళ్లి ముఖం కడుక్కున్నాను. ఆవిడ గొంతు కాస్త బొంగురుగా ఉంది. జలుబేమో.

జూలై 10, గురువారం

కేబుల్ ఆయన వచ్చాడు. లింక్‌కి మెయిన్ లైన్ ఒక కంపెనీ దగ్గర, స్పేర్ లైన్ ఇంకో కంపెనీ దగ్గర తీసుకున్నాం. ఒకటి పోతే రెండోది ఉంటుందని ఇన్నాళ్లూ ధీమా. తీరా తవ్వి చూస్తే రెండూ ఒకే గోతిలో పడుకుని ఉన్నాయట. డ్రైనేజీకని రోడ్డు తవ్వినవాళ్లు ఒక్క దెబ్బకి రెండూ తెంపారు. ఇప్పటికి అతుకు వేశానని, రోడ్డు పని ఈ నెలంతా ఉంటుందని, మళ్లీ పోతే తనని తిట్టుకోవద్దని చెప్పాడు. ముందే తిట్టుకుని పెట్టుకున్నాను.

జూలై 12, శనివారం

అమ్మ దొరికిపోయింది.

సెలవు కదా అని ఆలస్యంగా లేచాను. ఇంట్లో ఎవరూ లేరు. మేడ మీదికి వెళ్తే అమ్మ దుప్పటి ఆరేస్తోంది. ఫోన్ చెవికీ భుజానికీ మధ్య ఇరికించుకుని, నోట్లో క్లిప్పులు పెట్టుకుని మాట్లాడుతోంది. మిరియాలు వేసి మరగబెట్టుకుని తాగవే, ఆ గొంతేంటి అలా ఉంది అంటోంది. నన్ను చూసి తేలు కుట్టిన దొంగలా ఆగిపోయింది. తర్వాత అమ్మే కదా, ఒక్క క్షణంలో తేరుకుని, ఆ, ఇక్కడే ఉంది, ఇప్పుడే లేచింది మహారాణి అని ఫోన్‌లోనే చెప్పింది.

ప్రతి శనివారం వదినతో మాట్లాడుతుందట. పద్నాలుగు నెలలుగా. నాకు తెలిస్తే ముఖం మాడ్చుకుంటానని చెప్పలేదట.

మాడ్చుకున్నాను. నీకెలా మనసొప్పుతోందమ్మా అన్నాను. అమ్మ క్లిప్పులు నోట్లోంచి తీసింది. నీకు అన్న పోయాడు, నాకు కొడుకు పోయాడు, మరి నేను మాట్లాడటం లేదా అంది. ఇంకో దుప్పటి తీసి నా చేతిలో ఒక కొస పెట్టింది. ఇద్దరం పిండి ఆరేశాం.

జూలై 14, సోమవారం

ఇరవై నిమిషాలు లింక్ లేదు. రెండు లెక్కలు. మధ్యలో ఆవిడకి దగ్గు వచ్చింది. మిరియాల నీళ్లు తాగుతున్నావా అని నాలుక చివరిదాకా వచ్చింది. పద్నాలుగండి అన్నాను.

జూలై 17, గురువారం

ఇవాళ నేను ఒక మనిషిని చంపేదాన్ని.

వరసగా రాస్తాను. రాస్తేగాని నిద్రపట్టదు.

పొద్దుటినుంచి వాన. మా సెంటర్‌కి సగం మంది రాలేదు. సీట్లలో ఐదుగురే. 11:10కి లింక్ పోయింది. లైన్లో ఇరవై మూడు. పద్ధతి ప్రకారం ఫోన్ తీసి, లెక్క చెప్పి, పంపనా అని అడగాలి.

ఫోన్ మీద చెయ్యి వేశాను. తీయలేదు. ఆ చెప్పండి అన్న మాట మళ్లీ వినాలంటే ప్రాణం ఉసూరుమంది. పైగా ఇవాళ అడిగేది నేను. పంపనా అండీ అని దేబిరించాలి. వాళ్ల దగ్గర ఎప్పుడూ రద్దీ తక్కువే, అడిగితే ఎలాగూ పంపమంటుంది, అడిగేదేముంది అనుకున్నాను. గేటు తెరిచాను.

మొదట హాయిగా ఉంది. ఇరవై మూడు పద్దెనిమిదైంది, పద్నాలుగైంది. తర్వాత పందొమ్మిది. ఇరవై నాలుగు. కొత్త కాల్స్ అంతగా రావడం లేదు, లైన్లో సంఖ్య మాత్రం పెరుగుతోంది. ఇదెక్కడి చోద్యమని నంబర్లు చూశాను. అవే నంబర్లు. ఇందాక నేను పంపినవే, తిరిగి నా దగ్గరికే వస్తున్నాయి.

అవతల కూడా గేటు తెరిచి ఉంది.

నేను పంపిన కాల్ అక్కడ ఖాళీ లేక ఇక్కడికి వస్తోంది, ఇక్కడ ఖాళీ లేక అక్కడికి పోతోంది. గేటు మూసి ఫోన్ చేశాను. ఆవిడ ఎత్తగానే గేటు మూయి అన్నాను. మూశాను, ఇప్పుడే చూశాను అంది. ఇద్దరి గొంతులూ ఒకేలా ఉన్నాయి. అండీలు ఎక్కడ పోయాయో.

లాగ్ తీసి చూస్తే పదిహేడు నిమిషాలు. తొమ్మిదిమంది అలా తిరిగారు. ఎనిమిదిమంది విసిగి పెట్టేసి మళ్లీ చేశారు. ఒకాయన పెట్టలేదు. పదిహేడు నిమిషాలూ పట్టుకునే ఉన్నాడు. వాళ్లావిడ మెషిన్ ఆగిపోయింది.

ఆవిడ బతికింది. ఇంట్లో స్పేర్ సిలిండర్ ఉంది. అది ముందు రాయాల్సింది.

వదిన ఎందుకు అడక్కుండా తెరిచిందో ఎవరూ చెప్పనక్కర్లేదు. నేనెందుకు తెరిచానో అందుకే.

జూలై 18, శుక్రవారం

ఆయనకి ఫోన్ చేసి క్షమాపణ చెప్పమన్నారు. చెప్పమనకపోయినా చేసేదాన్ని.

రిటైరైన టైలర్. మెషిన్ ఆగిపోగానే మాకు ఫోన్ చేశాడు. సిలిండర్ మూత తిప్పే పానా ఎక్కడ పెట్టాడో గుర్తు లేదు. ఒక చేత్తో ఫోన్ పట్టుకుని, ఇంకో చేత్తో ఇల్లంతా వెతికాడు. భార్య గోళ్లు నీలంగా మారడం చూస్తూ వెతికాడు. చివరికి కుట్టుమిషన్ సొరుగులో, దారపు ఉండల కింద దొరికింది.

ఎన్ని తిట్లు తినాలో అని గుండె గట్టి చేసుకున్నాను. ఆయన తిట్టలేదు. ఒకావిడ నమస్కారం అంటుందమ్మా, కాసేపు పాట వస్తుంది, తర్వాత ఇంకో సెంటర్ నుంచి ఇంకో ఆవిడ నమస్కారం అంటుంది, మళ్లీ పాట, అలా పదకొండు నమస్కారాలయ్యాయి అన్నాడు. అవి రికార్డు చేసిన గొంతులని చెప్పడానికి నాకు నోరు రాలేదు. తర్వాత ఆయన, ఏమీ అనుకోకుండా, మామూలుగా, మీరిద్దరూ ఒకళ్లతో ఒకళ్లు మాట్లాడుకోరా అమ్మా అని అడిగాడు.

తప్పు నాదేనండి అన్నాను. ఏడుస్తున్నానని ఆయనకి తెలిసిపోయినట్టుంది. ఊరుకో తల్లీ, ఇప్పుడు బాగానే ఉంది, పొద్దుటినుంచి పక్కింటావిడ మీద చాడీలు చెబుతోంది, ఊపిరి ఆడకపోతే అన్ని చాడీలు చెప్పగలదా అన్నాడు.

నన్ను ఆయన ఓదార్చాడు. ఇంతకన్నా సిగ్గుమాలిన రోజు నాకు లేదు.

అదే రోజు, 5 గంటలు

మేనేజర్ పిలిచాడు. ఎప్పట్లాగే పేపర్ క్లిప్పులు వంకర తీస్తూ కూర్చున్నాడు. రెండు డెస్కులూ సోమవారంలోగా వివరణ రాసివ్వాలి. వాళ్ల లాగ్‌లో గేటు తెరిచింది 11:14, మన లాగ్‌లో 11:16. రెండు సెంటర్ల గడియారాలూ ఎవరిష్టం వాళ్లవే, రెండు మూడు నిమిషాలు అటూ ఇటూ ఉంటాయి. ఎవరు ముందు తెరిచారో నిజంగా ఎవరికీ తెలీదు. కానీ కాగితం మీద వాళ్లే ముందు.

వాళ్లు తెరిచిన సంగతి తెలీక నేను తెరిచాను అని ఒక్క ముక్క రాయి చాలు అన్నాడు. ఆవిడ ఎలాగూ ప్రొబేషన్‌లో ఉంది, తీసేసి ఊరుకుంటారు, పన్నెండేళ్ల సర్వీసు, నీకు మచ్చెందుకు అన్నాడు. నా మంచికే చెప్పాడు. ఆయన ఈ సెంటర్‌కి వచ్చి ఆరు నెలలే, ఆవిడ నాకేమవుతుందో తెలీదు.

ఒక్క నిమిషం, ఒకే ఒక్క నిమిషం, బాగుందే అనిపించింది. ఇది రాయడానికి చెయ్యి రావడం లేదు. రాస్తున్నాను.

జూలై 19, శనివారం

మూడు డ్రాఫ్టులు. మూడూ చించేశాను.

మొదటిదాంట్లో వాన గురించి రాశాను. రెండోదాంట్లో రోడ్డు తవ్వేవాళ్ల గురించి. మూడోదాంట్లో, రెండు లైన్లు ఒకే గోతిలో వేసిన యాజమాన్యం గురించి. అన్నీ నిజాలే. నిజాలు ఎంత బాగా అడ్డం పెట్టుకోవచ్చో ఇవాళ తెలిసింది.

అమ్మ ఫోన్ తీసుకుని మేడ మీదికి వెళ్లింది. అరగంట తర్వాత దిగింది. కళ్లు ఎర్రగా ఉన్నాయి.

జూలై 20, ఆదివారం

ఊరుకున్నంత ఉత్తమం లేదని అనుకున్నాను గాని, పొద్దున్న అమ్మ కూరగాయలు తరుగుతుంటే పక్కన కూర్చుని అంతా చెప్పేశాను. గేటు సంగతి, టైలర్ సంగతి, మేనేజర్ చెప్పిన ఒక్క ముక్క సంగతి. ఆ ముక్క రాస్తే వదిన ఉద్యోగం పోతుందని కూడా. అమ్మ కత్తి ఆపలేదు. అంతా విని, మరి ఏం రాశావ్ అంది. మూడు రాసి చించానన్నాను.

నిజం రాయడానికి అన్ని కాగితాలెందుకే అంది.

తర్వాత తనలో తను అనుకుంటున్నట్టు, మీ వదిన కూడా భయపడుతోంది, నువ్వేం రాస్తావోనని కాదు, ఇంక నువ్వు ఎప్పటికీ మాట్లాడవేమోనని అంది.

జూలై 21, సోమవారం

ఇచ్చేశాను. నాలుగు లైన్లు. ఇక్కడ కాపీ చేసుకుంటున్నాను:

గేటు నేను అడక్కుండా తెరిచాను. ఎవరు ముందు తెరిచారో నాకు తెలియదు, నేను రెండోదాన్నయినా తప్పు తగ్గదు. సాంకేతిక కారణం ఏమీ లేదు. అవతలి డెస్క్‌లో ఉన్న మనిషితో మాట్లాడటం ఇష్టంలేక ఫోన్ చేయలేదు.

ఉద్యోగం పోతే ఏం చేయాలో రేపు ఆలోచిస్తాను.

జూలై 22, మంగళవారం

పదకొండింటికి మేనేజర్ పిలిచాడు. టేబుల్ మీద రెండు కాగితాలు. ఒకటి నాది. ఇది చదువు అని రెండోది నా ముందుకి తోశాడు. వదిన రాత. గుండ్రంగా, పలక మీద దిద్దినట్టుండే రాత. సరుకుల జాబితా కూడా అలాగే రాసేది.

అందులో ఇలా ఉంది. గేటు తెరిచే ముందు అవతలి డెస్క్‌ని అడగాలి, నేను అడగలేదు. అవతలి డెస్క్‌లో ఉన్నది మా ఆడపడుచు. నా మీద కోపంగా ఉంది. ఆ గొంతు పరాయిగా వినపడితే తట్టుకోలేక ఫోన్ చేయలేకపోయాను. ఈ పని నాకు నేర్పింది ఆమే. అడక్కుండా గేటు తెరిచే మనిషి కాదు, ఆమె వైపు ఏదో పొరపాటు జరిగి ఉంటుంది. తప్పు నాది.

మా ఆడపడుచు. ఆఫీసు కాగితం మీద, తేదీ వేసి, సంతకం పెట్టి. ఎవరూ అడక్కుండానే.

అక్కడే ఏడ్చేశాను. మేనేజర్ కంగారుపడి క్లిప్పుల డబ్బా నా ముందుకి తోశాడు, తర్వాత తప్పు తెలుసుకుని టిష్యూల డబ్బా తోశాడు. ఈవిడ మీకేమవుతుంది అని అడిగాడు. మా వదిన సార్ అన్నాను. ఆవిడ భర్తకి కళ్లజోళ్ల షాపు ఉందని విన్నానే, ఆయన మీ అన్నయ్యా అన్నాడు. కాదు సార్, మా అన్న పోయాడు, ఈవిడ మళ్లీ పెళ్లి చేసుకుంది అన్నాను. మరి అన్నయ్య లేనప్పుడు వదిన ఎలా అవుతుందని ఆయన అనలేదు. ముఖంలో మాత్రం ఆ ప్రశ్న కనపడింది.

అయినా మా వదినే సార్ అన్నాను. నా చెవులకే గట్టిగా వినపడింది.

ఆయన చాలాసేపు రెండు కాగితాలూ మార్చి మార్చి చూశాడు. పాతికేళ్ల నుంచి ఈ పనిలో ఉన్నాను, తప్పు నాదంటే నాదని కొట్టుకునేవాళ్లని ఇప్పుడే చూస్తున్నాను, పైకి పంపే రిపోర్టులో వదినా ఆడపడుచుల గొడవ అని ఎలా రాయమంటావ్ అని విసుక్కున్నాడు. చివరికి, రెండు సెంటర్ల మధ్య కమ్యూనికేషన్ లోపం అని రాశాడు. ఇంతకన్నా నిజమైన రిపోర్టు ఈ ఆఫీసు నుంచి ఎప్పుడూ పోలేదు.

నన్ను మూడు నెలలు రూటింగ్ డెస్క్ నుంచి తీసి హెడ్‌సెట్ మీద కూర్చోబెడతారు. సీనియర్‌ని కాబట్టి నాకే ఎక్కువ. న్యాయమే. వదిన ప్రొబేషన్ రెండు నెలలు పొడిగిస్తారు. ఉద్యోగం ఉంటుంది.

జూలై 23, బుధవారం. మధ్యాహ్నం 1:10

ఫోన్ చేశాను. లింక్ బాగానే ఉంది. అయినా చేశాను.

అదే రోజు, సాయంత్రం

రూటింగ్ డెస్క్, చెప్పండి అంది. ఇంకోసారి అండీ అన్నావంటే ఊరుకోను వదినా అన్నాను.

అవతల ముక్కు ఎగబీల్చిన చప్పుడు. తర్వాత, ఏంటే మరదలు పిల్లా అంది. గొంతు ఇంకా బొంగురే. మిరియాలు పని చేయలేదా అంటే, మిరియాలు తగ్గించే జబ్బు కాదులే అంది.

పెళ్లినాడు నాకు జ్వరం రాలేదు వదినా అన్నాను. తెలుసే అంది. ఒప్పుకోమని చెప్పింది నేనే, ఒప్పుకున్నందుకు నీకు శిక్ష వేసింది కూడా నేనే అన్నాను. క్షమించమని అడిగాను. ఇన్ని నెలలుగా అనని మాట, అంటే రెండు సెకన్లు కూడా పట్టలేదు.

ఆవిడ వెంటనే సరే అనలేదు. చాలా ఏడిపించావే అంది. ఆయన పోయినప్పుడు నువ్వున్నావ్, నువ్వు పోయినప్పుడు నాకెవరూ లేరే అంది. వింటూ కూర్చున్నాను. ఎంతసేపు కోప్పడినా వినాలనే అనిపించింది.

తర్వాత మెల్లగా ఇంటి కబుర్లు. పిచ్చుక వదిన భుజం దాకా ఎదిగిందట. చదువులో లెక్కలు రావు, మాటలు మాత్రం కోటలు దాటతాయట. అన్న ఫొటో ముందు గదిలోనే ఉందట. కొత్తింట్లోకి మారిన రోజు వదిన మొహమాటపడి ఆ ఫొటో పెట్టెలోనే ఉంచేసిందట. కళ్లజోళ్లాయనే పెట్టె విప్పి, పాపకి నాన్న కనపడొద్దా అని, తనే మేకు కొట్టి తగిలించాడట. మేకు వంకరపోయి వేలు కూడా నలిగిందట.

ఆదివారం రానా అని అడిగాను.

అడగడమేంటే, రా అంది.

జూలై 27, ఆదివారం

రెండు గంటల బస్సు ప్రయాణం. ఆయన్ని ఏమని పిలవాలో దారంతా ఆలోచించాను. ఏదీ కుదరలేదు. పిలవకుండా గడిపేద్దామనుకుని బెల్ కొట్టాను.

ఆయనే తీశాడు. భుజం మీద తువ్వాలు, చేతిలో పిచ్చుక దువ్వెన. నన్ను చూసి పక్కకి జరిగాడు, ఏమనాలో ఆయనకీ తెలీలేదు.

అన్నయ్యా, వదిన ఉందా అన్నాను.